వరిగడ్డితో ఇథనాల్ చేసే చిన్న యూనిట్ పెట్టవచ్చా?

ఊళ్లో పదెకరాల వరి ఉంది, కోత యంత్రం వదిలిన గడ్డిని తగలబెట్టడం ఇష్టం లేదు, దానితో ఇథనాల్ తీసే చిన్న యూనిట్ పెట్టవచ్చా అని అడిగారు. వద్దు. ఇదే ఉత్సాహం ఒకప్పుడు నాకూ ఉండేది కాబట్టి చెబుతున్నాను.

బెంగళూరు పీణ్య దగ్గర ఒక ఎంజైముల ప్రయోగశాలలో ఆరేళ్లు పనిచేశాను. ఒక సంక్రాంతికి ఊరి నుంచి వస్తూ గోతాం నిండా వరిగడ్డి కుక్కుకుని తెచ్చాను. బస్సు క్లీనర్ గోతాం పైకెత్తుతూ, "గేదె వెనకాల వస్తోందా సార్?" అన్నాడు.

పొడి చేయడంలోనే మొదటి దెబ్బ తగిలింది. వరిగడ్డి బరువులో దాదాపు పదోవంతు సిలికా, అంటే ఇసుకలో ఉండే సరుకే. గ్రైండర్ బ్లేడ్లు వారంలో మొద్దుబారిపోయాయి.

అసలు చిక్కు ఆ తర్వాత. చక్కెరను ఇథనాల్‌గా మార్చే సూక్ష్మజీవి ఈస్ట్. చెరకు మడ్డిలో చక్కెర ఈస్ట్‌కు వడ్డించిన విస్తరి. గడ్డిలో చక్కెర సెల్యులోజ్‌గా పొడవాటి గొలుసులా పేనుకుని, లిగ్నిన్ అనే జిగురు లాంటి గట్టి పదార్థం కింద దాక్కుని ఉంటుంది. దాన్ని విప్పడానికి పలుచని సల్ఫ్యూరిక్ ఆమ్లంలో, ఆవిరి ఒత్తిడిలో ఉడికించాను. మూత తీయగానే మాడిన బెల్లం వాసన. పని అయిందని మురిసిపోయాను. ఆ వాసనే కొంప ముంచింది: వేడి ఎక్కువై కొంత చక్కెర ఫర్‌ఫ్యురాల్ అనే రసాయనంగా మారింది, అది ఈస్ట్‌కు పడదు. రెండు రోజులు చూసినా ఒక్క బుడగ రాలేదు. మరోసారి వేడి తగ్గించి, గడ్డిని బాగా కడిగి, 50 డిగ్రీల దగ్గర మూడు రోజులు, సెల్యులోజ్‌ను చక్కెరగా విడగొట్టే ఎంజైములతో ఉంచాక గానీ ఈస్ట్ కదలలేదు. కిలో గడ్డికి చివరకు దక్కింది సుమారు 80 మిల్లీలీటర్లు, ఒక టీ గ్లాసుడు. జైలోజ్ అనే మరో చక్కెర కడుగునీళ్లతోనే పోయింది. ఉన్నా మామూలు ఈస్ట్ దాన్ని ముట్టదు.

హర్యానాలోని పానిపట్‌లో వరిగడ్డితో ఇథనాల్ తీసే ఇండియన్ ఆయిల్ కర్మాగారాన్ని 2022 ఆగస్టులో జాతికి అంకితం చేశారు. పెట్టుబడి 900 కోట్ల రూపాయలకు పైనే. ఏటా 2 లక్షల టన్నుల గడ్డితో 3 కోట్ల లీటర్లు తీయాలన్నది లక్ష్యం, అంటే టన్నుకు 150 లీటర్లు. ఎకరాకు రెండు టన్నుల గడ్డి అనుకుంటే, అంత పెద్ద యంత్రాంగంతో కూడా మీ పొలానికి పంటకు 3,000 లీటర్లే. పైగా మామూలుగా బట్టీ పట్టినంత మాత్రాన ఇథనాల్ గాఢత సుమారు 95-96 శాతం దాటదు. పెట్రోలులో కలపాలంటే మిగిలిన నీటిని వేరే పద్ధతిలో తీయాలి. అనుమతి లేకుండా బట్టీ పెడితే మీ గుమ్మంలోకి ముందు వచ్చేది ఎక్సైజ్ వాళ్లే.

పంజాబ్, హర్యానాల కథ వేరు. వరి కోతకూ గోధుమ విత్తడానికీ మధ్య రెండు మూడు వారాలే ఉంటాయి, పైగా అక్కడి పశువులకు గోధుమ గడ్డి ఉంది. అందుకే వరిగడ్డి మంటల్లోకి పోతుంది. మన వైపు దాన్ని ఆవులు, గేదెలు తింటాయి. అంటే కొనేవాళ్లు ఇప్పటికే ఉన్నారు.

ఈసారి కోత కాగానే కట్టలు కట్టే యంత్రాన్ని కిరాయికి తెచ్చి, వాన పడకముందే కట్టించి, దగ్గరలోని పాడి రైతులను అడగండి. తడిస్తే బూజు పడుతుంది, ఎవరూ కొనరు. ఎకరాకు ఎన్ని కట్టలు వచ్చాయో, కిరాయి ఎంత పడిందో ఇక్కడ రాయండి. మిగిలేది ఎంతో కలిసి లెక్క వేద్దాం.