చిన్న వంటింటికి పాత డ్రెస్సర్: తెచ్చుకునే ముందు, తెచ్చుకున్నాక

అమెరికాకి కొత్తగా వచ్చి అద్దె ఇంట్లో దిగిన మనవాళ్లు తరచూ అడిగేది ఇదే. వంటిల్లు మరీ చిన్నది, పొయ్యికీ సింకుకీ మధ్య కూరగాయలు తరగడానికి కూడా చోటు లేదు, ఏం కొనమంటారు అని. అప్పుడే ఏమీ కొనకండి, ముందు టేపు తీసుకుని కొలవండి. వంటింటి కౌంటర్ మామూలుగా 36 అంగుళాల ఎత్తు, అంటే దాదాపు 90 సెంటీమీటర్లు ఉంటుంది. భోజనాల బల్ల 30 అంగుళాలే. ఆ ఆరు అంగుళాల తేడా చూడ్డానికి చిన్నదే కానీ, వంగి తరిగేవాళ్ల నడుముకి బాగా తెలుస్తుంది, అందుకే పాత డైనింగ్ టేబుల్ ఎవరైనా ఊరికే ఇస్తామన్నా వంటింటికి వద్దంటాను. బట్టలు పెట్టుకునే సొరుగుల డ్రెస్సర్ వెతకండి. 32, 33 అంగుళాలున్నది దొరికితే కింద చక్రాలు బిగించగానే కౌంటర్ ఎత్తుకి వచ్చేస్తుంది. పైన తరుక్కోవడానికి చోటు, కింద డబ్బాలకీ గిన్నెలకీ సొరుగులు, ఒక్క సామానుతో రెండూ తీరిపోతాయి.

అది పెట్టాక మనిషి తిరగడానికి కనీసం 36 అంగుళాల దారి మిగలాలి. ఓవెన్ తలుపు, ఫ్రిజ్ తలుపు పూర్తిగా తెరిచి మరీ కొలవండి, మూసి ఉన్నప్పుడు అన్నీ సరిపోయినట్టే కనిపిస్తాయి.

తర్వాత చెక్క చూడాలి. సొరుగు బయటికి లాగి వెనక్కి తిప్పండి, అంచు దగ్గర చెక్క గీతలు కొనసాగితే అసలు చెక్క. రంపపు పొట్టు నొక్కి అతికించినట్టుంటే పార్టికల్ బోర్డు, సింకు దగ్గర తడి తగిలితే ఉబ్బిపోతుంది, స్క్రూ ఒకసారి ఊడితే మళ్లీ పట్టదు. ఎంత కొత్తగా మెరుస్తున్నా దాన్ని వదిలేయండి.

ఎవరో వద్దనుకుని వీధి పక్కన పెట్టిన సామాను విషయంలో నాకు ఎప్పుడూ టెన్షన్ నల్లుల గురించే. పరుపుల్లోనే ఉంటాయనుకుంటారు కానీ స్క్రూ రంధ్రాల్లో, సొరుగుల మూలల్లో, వెనక చెక్క సందుల్లో కూడా దాక్కుంటాయి, తిండి లేకుండా నెలల తరబడి బతుకుతాయి. టార్చి వేసి ప్రతి సందూ చూడండి. నల్లటి చుక్కలు గానీ, అవి విడిచిన లేత రంగు పొట్టు గానీ కనిపిస్తే అక్కడే వదిలేసి వచ్చేయండి, అపార్ట్‌మెంట్‌లో ఒకసారి చేరితే పక్కవాళ్ల ఇళ్లకీ పాకుతాయి.

పాత రంగు గురించి ఒక మాట, ముఖ్యంగా చంటిపిల్లలున్నవాళ్లకి. పాత రోజుల రంగుల్లో సీసం ఉండేది, అమెరికాలో ఇళ్ల రంగుల్లో దాన్ని నిషేధించింది 1978లో. అంత పాత సామాను మీద రంగు ఉంటే సాండ్ పేపర్‌తో గీకకండి. ఆ దుమ్ము పిల్లల మెదడుకి చాలా ప్రమాదం. అలాంటిది ఎంత అందంగా ఉన్నా పిల్లలున్న ఇంటికి తేకండి.

ఇక పని. ముందు సబ్బునీళ్లతో జిడ్డంతా కడిగి బాగా ఆరనివ్వండి, జిడ్డు మీద ఏ రంగూ నిలవదు. 120 నంబరు సాండ్ పేపర్, ఆ తర్వాత 220, దుమ్ము తుడిచి ప్రైమర్, అంటే రంగు బాగా పట్టడానికి అడుగున వేసే పూత, దాని మీద రెండు పల్చటి రంగు కోట్లు. సొరుగుల్లో పాత వాసన పోకపోతే లోపల షెల్లాక్ అనే లక్క వార్నిష్ పూస్తే అణిగిపోతుంది. పైపలకకి మాత్రం రంగు వెయ్యకండి. తినేవి తగిలే చోటు కాబట్టి నునుపుగా రుద్ది ఫుడ్ గ్రేడ్ మినరల్ ఆయిల్ పట్టించండి, పాతబడ్డప్పుడల్లా మళ్లీ పట్టించండి. వంటనూనె రాస్తే కొన్నాళ్లకి ముక్కిపోయి జిగురుగా తయారవుతుంది. లిన్‌సీడ్ ఆయిల్ (అవిసె నూనె) వాడితే ఆ గుడ్డల్ని ఉండ చుట్టి చెత్తబుట్టలో పడేయొద్దు, వాటంతట అవే వేడెక్కి మంటలంటుకోవచ్చు. ఆరుబయట విడివిడిగా పరిచి ఆరబెట్టాలి. రంగు ముట్టుకుంటే ఆరినట్టే ఉంటుంది కానీ పూర్తిగా గట్టిపడటానికి మూడు నాలుగు వారాలు పట్టొచ్చు, అప్పటిదాకా వేడి గిన్నెలు, బరువులు పెట్టకండి.

చక్రాలు నాలుగింటికీ లాక్ ఉన్నవి తీసుకోండి, తరిగేటప్పుడు బల్ల కదిలితే వేలు తెగుతుంది. అడుగు పల్చటి చెక్క అయితే ముందు మందం ప్లైవుడ్ ముక్క బిగించి, దానికి చక్రాలు వెయ్యాలి. బరువైనవన్నీ కింది సొరుగులోనే, పై సొరుగులన్నీ ఒకేసారి లాగితే ఖాళీ డ్రెస్సర్ కూడా ముందుకి వాలిపోతుంది.

పుస్తకాల అల్మారా కూడా పనికొస్తుంది, లోతు తక్కువ కాబట్టి డబ్బాలు ఒకే వరసలో నిలబడి అన్నీ కంటికి కనిపిస్తాయి. కానీ దాన్ని గోడకి పట్టీతో బిగించాల్సిందే, అద్దె ఇల్లయితే గోడకి రంధ్రం పెట్టేముందు ఓనర్‌ని మెయిల్‌లో అడిగి జవాబు దాచుకోండి. సరుకులొచ్చే ప్యాలెట్ చెక్కలతో అరలు చేద్దామనుకునేవాళ్లు దాని మీద ముద్ర చూడండి, హెచ్‌టీ అంటే వేడితో శుద్ధి చేసింది, ఎంబీ అంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించింది, అది ఇంట్లోకే తేవద్దు. ముద్రే లేకపోయినా, ఏదైనా ఒలికిన మరకలున్నా అంతే.