రొయ్యల చెరువు బాకీ: ఆ ప్రోనోటు చెల్లుతుందా?

ప్రశ్న: మాది ఆకివీడు దగ్గర పల్లె. చెల్లెలి పెళ్లికని మా తమ్ముడు రొయ్యల చెరువు యజమాని దగ్గర 80,000 తీసుకుని ప్రోనోటు రాశాడు. మూడేళ్లుగా మొగుడూ పెళ్లాం ఆ గట్టు మీదే కాపలా, మేత పని. బాకీలో పట్టుకుని ఇద్దరికీ కలిపి నెలకు 4,000 ఇస్తున్నారు. మానేస్తామంటే, ‘లక్షా ఇరవై కట్టి కదలండి, లేదంటే కోర్టుకి ఈడుస్తా’ అంటున్నాడు. ఆధార్ కార్డులూ ఆయన దగ్గరే. మా తాత పాలేరుగా పోయాడు. వీడిదీ అదే గతా?

జవాబు: మీ తమ్ముడి భయమంతా ఆ కాగితం గురించే. బాకీ చూపించి మనిషిని కదలనివ్వకుండా పని చేయించుకుంటే అది వెట్టి. 1976 నాటి వెట్టిచాకిరి నిర్మూలన చట్టం 6వ సెక్షన్ ప్రకారం ఆ బాకీ తీర్చక్కర్లేదు, దాని మీద సివిల్ దావా కూడా నడవదు. అలాగని సమన్లు వస్తే ఊరుకోకండి. వాయిదాకి వెళ్లకపోతే ఎక్స్‌పార్టీ డిక్రీ (మీవాళ్లు లేకుండానే ఇచ్చే తీర్పు) అయిపోతుంది, తర్వాత దాన్ని కొట్టించడానికి తిరగాలి. ఇది వెట్టి బాకీ కాదని రుజువు చేసుకోవాల్సింది కూడా యజమానే (15వ సెక్షన్). కనీస వేతనం కన్నా తక్కువకి పని చేయించడం బలవంతపు చాకిరీయేనని 1982లో ఆసియాడ్ (ఢిల్లీ ఆసియా క్రీడల) నిర్మాణ కార్మికుల కేసులో సుప్రీంకోర్టు చెప్పింది.

అడ్వాన్సు తీసుకున్న ప్రతివాడూ వెట్టివాడు కాడు. జీతం సరిగ్గా ఇస్తూ, మానేస్తానంటే పోనిస్తే అది మామూలు చేబదులే, తీర్చాలి. మీ ఉత్తరంలో కార్డులు లాక్కోవడం, కదలనివ్వకపోవడం ఉన్నాయి కాబట్టే ఇంత గట్టిగా చెబుతున్నా.

తాతగారి మాట ఎత్తారు కాబట్టి ఒక సంగతి. ధవళేశ్వరం ఆనకట్ట పని మొదలవడానికి నాలుగేళ్ల ముందే, 1843లో, కంపెనీ ప్రభుత్వం బానిస మీద యజమాని హక్కుని కోర్టులు గుర్తించవని చట్టం చేసింది. బానిసను ఉంచుకోవడం నేరమని మాత్రం అనలేదు. మనుషుల్ని బానిసలుగా కొనడం, అమ్మడం నేరమైంది 1860 శిక్షాస్మృతితో. అప్పు పేరుతో కట్టేసుకునే దారి ఇంకా తెరిచే ఉంది. దాన్ని మూయడానికి 1976 దాకా పట్టింది. మీ తాతగారి తరానికి దక్కని చట్టం మీ తమ్ముడికి ఉంది.

భీమవరం కలెక్టరేట్‌లోనో ఆర్డీవో ఆఫీసులోనో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. తమ్ముడూ మరదలూ చెరువు మీద ఉండగానే విచారణ జరగడం మేలు. కొడతారన్న భయం ఉంటే మాత్రం ముందు 112కి ఫోన్ చేయండి. వెట్టి అని తేలితే విడుదల పత్రం (వెట్టి నుంచి విడిపించామని అధికారులిచ్చే కాగితం) అడిగి తీసుకోండి. 30,000 దాకా తక్షణ సాయానికి అదే ఆధారం. వకీలు ఫీజు గురించి టెన్షన్ వద్దు, న్యాయసేవాధికార సంస్థ నంబరు 15100.

అర్జీ సంగతి తెలియగానే యజమాని ‘సెటిల్ చేసుకుందాం, పాతది చింపేసి కొత్త నోటు రాయి’ అనొచ్చు. సంతకం కాదు కదా, వేలిముద్ర కూడా వేయొద్దని తమ్ముడికి ఈరోజే చెప్పండి.