గడప దాటనివ్వని గుడి ఎన్నాళ్ళు నిలుస్తుంది?

ప్రశ్న: దళితులను గుడి బయటే నిలబెట్టారు. ఆడపిల్లలను దేవుడికి అంకితమిచ్చి జోగినులుగా వదిలారు. ఇదంతా చదివిన మా పిల్లలు గుడికి రామంటున్నారు. ఇన్ని తప్పులు మోస్తూ, నమ్మకాలు మారిపోతున్న ఈ కాలంలో మత వ్యవస్థ నిలబడుతుందా?
– ఒక పాఠకురాలు, కర్నూలు జిల్లా

జవాబు: తలుపు తీసిన చోట నిలబడిందమ్మా. ఇప్పటి కేరళలో ఉన్న తిరువాంకూరు సంస్థానం సంగతే చూడండి. 1924లో వైకం సత్యాగ్రహం మొదలైనప్పుడు అడిగింది గుళ్ళోకి రానివ్వమని కూడా కాదు, గుడి చుట్టూ ఉన్న వీధుల్లో నడవనివ్వమని. దానికే ససేమిరా అన్నారు. 1935లో అంబేడ్కర్ తాను హిందువుగా చావనని యేవలాలో ప్రకటించారు. తిరువాంకూరులో గుళ్ళోకి రానివ్వని ఈళవ కులం నాయకులు కూడా మతం మారే మాట ఎత్తారు. 1936 నవంబర్ 12న మహారాజు తన ప్రభుత్వం కిందున్న గుళ్ళను హిందువులందరికీ తెరిచారు. ఆ గుళ్ళలో నేటికీ దీపం వెలుగుతూనే ఉంది. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు కలిసి ఉన్న మద్రాసు రాష్ట్రంలో ఆలయ ప్రవేశ చట్టం 1947లో వచ్చింది.

లోపలివాళ్ళ మనసు కరగడానికి బయటివాళ్ళు వెళ్ళిపోతామనాల్సి వచ్చింది. మీ పిల్లలు రామనడాన్ని కూడా నేను అలాగే చూస్తాను. వాళ్ళను బతిమాలేకంటే, వాళ్ళు అడిగిన ప్రశ్నను ఆలయ కమిటీ ముందు పెట్టండి.

మార్పుకు కావలసిన సరుకు సంప్రదాయంలోనే ఉంటుంది. అంటరానివాడిగా చూసిన భక్తుడు తిరుప్పాణాళ్వారును అర్చకుడు లోకసారంగ ముని భుజాల మీద శ్రీరంగం గుళ్ళోకి మోసుకెళ్ళిన కథ వైష్ణవులకు తెలిసిందే. 2018 ఏప్రిల్‌లో హైదరాబాదు జియాగూడ రంగనాథ ఆలయంలో చిలుకూరు అర్చకులు సి.ఎస్. రంగరాజన్ ఒక దళిత భక్తుణ్ణి అలాగే మోసుకెళ్ళారు. మంచి పని. అయినా ఒకరి భుజాల మీద వెళ్ళడం వేరు, తన కాళ్ళ మీద వెళ్ళడం వేరు. మర్నాడు ఆ గడప ఎవరెవరు దాటారన్నదే నాకు ముఖ్యం.

అర్చకత్వం సంగతి ఇంకా చిక్కు. ఆంధ్రప్రదేశ్‌లో 1987 చట్టం వంశపారంపర్య హక్కును రద్దు చేసింది. పూజ మతానికి సంబంధించినదే గానీ అర్చకుడి నియామకం లౌకిక వ్యవహారమని 1996లో సుప్రీంకోర్టు ఆ చట్టాన్ని నిలబెట్టింది. 2007 సవరణతో అర్చక కుటుంబాల్లోని అర్హులకు మళ్ళీ వీలు దొరికింది.

జోగిని లెక్క మాత్రం తేలలేదు. 1988 చట్టం అంకితం చేయడాన్ని నేరమంది. అప్పటికే అంకితమైపోయిన ఆడవాళ్ళకు ఆ ఒక్క మాటతో భూమీ రాలేదు, గౌరవమూ రాలేదు.

ప్రశ్న: మా ఊరి గుళ్ళోకి దళితులమైన మమ్మల్ని ఇప్పటికీ రానివ్వరు. గట్టిగా అడిగితే ‘గర్భగుడిలోకి ఎవరినీ పంపం’ అంటారు. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మహబూబ్‌నగర్ జిల్లా

జవాబు: ఆ మాటకు జవాబు ఒక్కటే: మిగతా కులాలవాళ్ళు ఎక్కడిదాకా వెళ్తున్నారో అక్కడిదాకా వెళ్ళే హక్కు మీకూ ఉంది. ఫిర్యాదులో ముందుగా రాయాల్సింది కూడా ఇదే. వాళ్ళు ధ్వజస్తంభం దాటి మండపంలోకి వెళ్తుంటే, మిమ్మల్ని ఏ మెట్టు దగ్గర, ఎవరు, ఏ రోజు, ఎన్ని గంటలకు, ఏ మాటతో ఆపారో రాయండి. ఆపినవాళ్ళ పేరుతోపాటు కులం కూడా రాయండి. మీ కుల ధ్రువపత్రం నకలు జతచేయండి. ఈ రెండూ లేకపోతే కేసు మామూలు గొడవగా మారిపోతుంది. ఫోన్లో వీడియో ఉంటే అసలు ఫైలును చెరపకండి.

ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టంలో సెక్షన్ 3(1)(జెడ్‌ఏ) దీనికే ఉంది. శిక్ష ఆరు నెలల నుంచి ఐదేళ్ళు. ‘ముందు విచారణ చేసి చూస్తాం’ అని ఎస్సై అంటే, అదే చట్టంలోని సెక్షన్ 18ఏ ప్రకారం ఎఫ్‌ఐఆర్‌కు ముందు ప్రాథమిక విచారణ అక్కర్లేదని చెప్పండి. ఎఫ్‌ఐఆర్ నకలు ఉచితంగా ఇవ్వాలి. దర్యాప్తు డీఎస్పీ స్థాయికి తగ్గని అధికారి చేయాలి, 60 రోజుల్లో ముగించాలి. అసలు ఫిర్యాదే తీసుకోకపోతే ఎస్పీకి రిజిస్టర్డ్ పోస్టులో పంపి, రసీదు దాచుకోండి. 14566 హెల్ప్‌లైన్‌కూ చెప్పండి.

‘ఇది మా కులం కట్టుకున్న గుడి’ అంటారేమో. ఒక శాఖవారి గుడి అయినా, ప్రజలు వచ్చే గుడి అయితే హిందువులందరికీ తెరవాల్సిందేనని 1957లో మూల్కి వేంకటరమణ ఆలయం కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కొన్ని ప్రత్యేక సేవలను మాత్రం ఆ శాఖవారికి వదిలింది.

కేసులు ఎక్కువగా దెబ్బతినేది రాజీ దగ్గరే. పెద్దమనుషులు పిలుస్తారు, ఒకరోజు దర్శనం చేయిస్తారు, కాగితం మీద సంతకం అడుగుతారు. ఆ సంతకం పెట్టకండి. ఆ తర్వాత కూలి పనికి పిలవకపోయినా, కొట్లో సరుకు ఇవ్వకపోయినా అది సాంఘిక బహిష్కరణ. 3(1)(జెడ్‌సీ) కింద వేరే నేరం. ఎవరు ఏ రోజు కాదన్నారో తేదీలతో ఒక నోటు పుస్తకంలో రాసుకుంటూ ఉండండి.