వ్యాసంలో బంతి ఏది?

చిరంజీవికి, ఆశీస్సులు.

కలకత్తా ఫుట్‌బాల్ ఆటగాడూ కోచ్ అయిన అమల్ దత్తా మీద నువ్వు రాసి పంపిన వ్యాసం అందింది. నీకన్నా చాలా పెద్దవాణ్ణి కాబట్టి ‘నువ్వు’ అనే అంటున్నాను, ఏమనుకోకు. దత్తా ఇంగ్లండు వెళ్లి కోచింగ్ నేర్చుకుని, మ్యాచ్‌ల ఫిల్ములు వెంట తెచ్చుకుని, బెంగాల్ ఊళ్లలో ప్రొజెక్టర్ పెట్టి చూపించిన ఘట్టం బాగా రాశావు. మిగిలింది చదువుతుంటే ఒళ్లు మండింది.

ఒక ఫుట్‌బాల్ మనిషి గురించి ఇన్ని పేజీలు రాశావు కదా, వాటిలో ఒక్కచోటైనా ఎవరైనా బంతిని తన్నారా? వెతికి చూసుకో. ‘అలుపెరగని యోధుడు’, ‘మహోన్నత వ్యక్తిత్వం’, ‘క్రీడకే జీవితం అంకితం’. దత్తా పేరు కొట్టేసి ఆ స్థానంలో ఏ సహకార సంఘం అధ్యక్షుడి పేరు రాసినా ఈ వాక్యాలకు ఏ లోటూ రాదు. ఆయన సంస్మరణ సభలో కూడా చదువుకోవచ్చు. ఆట రాయకుండా ఆటగాడి గురించి రాయకూడదు. నేను చెప్పేది ఇదొక్కటే. ఎవరు ఎంత విసుక్కున్నా చెబుతూనే ఉంటాను.

‘మిడ్‌ఫీల్డ్ మాంత్రికుడు’ అన్నావు. 1950ల మొదట్లో కలకత్తా క్లబ్బులు ఎలా ఆడేవో కనుక్కున్నావా? వెనుక ఇద్దరు బ్యాక్‌లు, మధ్యలో ముగ్గురు హాఫ్‌లు, ముందు ఐదుగురు ఫార్వర్డ్‌లు. దత్తా హాఫ్. ముందున్న ఐదుగురికీ బంతి అందించాలి, వాళ్లు పోగొట్టుకున్న మరుక్షణం వెనక్కి పరుగెత్తి ఆ ఇద్దరికీ తోడుండాలి. అందులో మంత్రం ఏముంది? చాకిరీ ఉంది. గోల్ కొట్టినవాడికి చప్పట్లు, ఆపినవాడికి చప్పట్లు, వీళ్లకు ఆయాసం. 1954 మనీలా ఆసియా క్రీడల జట్టులో ఆయన ఉన్నాడని తేదీలతో సహా రాశావు, సంతోషం. ఆ స్థానంలో నిలబడ్డ మనిషికి మైదానం ఎలా కనబడుతుందో మాత్రం ఒక్క ముక్క రాయలేదు.

అది రాసి ఉంటే 1969 నీకు దానంతట అదే అర్థమయ్యేది. ఆ ఏడు మోహన్ బగాన్ కోచ్‌గా దత్తా ఏం చేశాడు? ‘విప్లవాత్మక మార్పులు తెచ్చారు’ అని రాసి చేతులు దులిపేసుకున్నావు. ఏ మార్పులు? వెనకే ఉండిపోవలసిన బ్యాక్‌లను పక్క గీత వెంబడి ప్రత్యర్థి గోల్ వైపు పరుగెత్తమన్నాడు. ఓవర్‌ల్యాప్ అంటారు. ఇప్పుడు వీధి పిల్లలూ చేస్తారు, అప్పుడు మనవాళ్లకు అది వింత. నిదానంగా ఆలోచించు. బ్యాక్ ముందుకు వెళ్లగానే అవతలి జట్టు వింగర్, అంటే పక్క గీత వెంట ఆడే ఫార్వర్డ్, ముందు రెండే దారులు. అతని వెంట పడితే, దాడి చేయవలసిన వింగర్ కాస్తా కాపలాదారు అయిపోతాడు. వదిలేస్తే, తన బ్యాక్ ఒక్కడూ ఇద్దరిని చూసుకోవాలి. సరే, మరి మన బ్యాక్ వదిలి వెళ్లిన ఖాళీ సంగతి? దాన్ని మధ్యలో ఉన్నవాడు పూడ్చాలి. ఆడినన్నాళ్లూ ఇలాంటి ఖాళీలు పూడ్చిన మనిషే కోచ్ అయ్యాక బ్యాక్‌తో ‘వెళ్లు’ అన్నాడంటే, ఆ పరుగు ఖరీదెంతో తెలిసే అన్నాడు. ఇది నా ఊహ, ఆయన నాతో చెప్పలేదు. అయినా ఇలాంటి ఊహకు ‘అలుపెరగని యోధుడు’ కన్నా ఎక్కువ విలువ ఉందంటాను. ఆ ఏడాది కలకత్తాలో ఐఎఫ్ఏ షీల్డ్ అనే టోర్నీ ఫైనల్లో, ఊళ్లోనే ఉన్న చిరకాల ప్రత్యర్థి క్లబ్బు ఈస్ట్ బెంగాల్‌ను 3-1తో ఓడించారు. నువ్వు స్కోరు ఒక్కటే రాశావు.

తప్పంతా నీదని అనను. మా రోజుల్లో నేనొక పత్రికకు ఆటల వార్తలు రాసేవాణ్ణి. కాలమ్ అంగుళానికి ఇంతని లెక్కగట్టి డబ్బిచ్చేవాళ్లు. ఒక చిన్న జట్టు సీజన్ మధ్యలో ఆట తీరు మార్చుకుని ఎలా నిలదొక్కుకుందో వాళ్ల సాధన చూసి రాసుకొచ్చాను. డెస్కులో పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని సగానికి పైగా కొట్టేశాడు. ‘ఇవన్నీ పాఠకులకు ఎందుకండీ, ఆ కోచ్ చిన్నప్పుడు పస్తులున్నాడా లేదా అది రాయండి’ అన్నాడు. కోచ్ ఏ రోజూ పస్తులుండలేదు, వాళ్ల నాన్నకు బట్టల కొట్టు ఉంది. ఆ నెల పస్తులున్నది నేను, అంగుళాలు తగ్గాయి కదా. ఆ పెద్దాయన తర్వాత చాలామందికి గురువయ్యాడు. ఈనాటి ‘స్ఫూర్తి గాథలు’ ఆయన శిష్యుల పుణ్యమే. పేదరికం, అవమానం, పట్టుదల, పతకం. నాలుగు గడులూ గీసి ఉంటాయి, ఇందులో ఎవరి పేరైనా నింపొచ్చు. నువ్వూ అవే నింపావు.

ఆట చూడటం ఎలా నేర్చుకోవాలని అడిగావు. నన్నొక కోచ్ తన సాధనకు రానిచ్చాడు, నోరెత్తి ఏమీ అడగకూడదనే షరతు మీద. గోల్ వెనక నిలబడి చూసేవాణ్ణి. మొదట్లో నా కళ్లు బంతి వెంటే పోయేవి. అందరివీ అంతే. తర్వాత ఒక్క హాఫ్‌ను పట్టుకుని, బంతి అతని దగ్గర లేనప్పుడు ఏం చేస్తున్నాడో మాత్రమే చూడటం మొదలుపెట్టాను. నడుస్తున్నాడా, ఎవరికి చేత్తో సైగ చేస్తున్నాడు, ఎప్పుడు తల తిప్పి వెనక్కి చూస్తున్నాడు? నువ్వూ పూర్తి మ్యాచ్ ఒకటి అలా చూడు. మెడ నొప్పి పుడుతుంది, పుట్టనీ.

ఇక 1997 జులై 13. ఈ చోట నీ కాగితాలు బల్ల మీద విసిరికొట్టాను. సాల్ట్ లేక్ స్టేడియం, ఫెడరేషన్ కప్ సెమీఫైనల్, మోహన్ బగాన్ మీద ఈస్ట్ బెంగాల్. చూడటానికి వచ్చినవాళ్లు లక్షా 31 వేలకు పైనే. నువ్వేమో ‘దురదృష్టవశాత్తు ఆ మ్యాచ్‌లో ఓటమి ఎదురైంది’ అని ముగించావు. ఇందులో అదృష్టానికి పనేముంది? అప్పుడు బగాన్ కోచ్‌గా ఉన్న దత్తా డైమండ్ పద్ధతి పెట్టాడు. మధ్యలో వాళ్లు వజ్రం ఆకారంలో నిలబడతారు. ఒకడు వెనుక, ఒకడు ముందు, ఇద్దరు చెరో పక్క. ఎక్కువమంది ముందుకు దూకుతారు, అంతకు ముందు మ్యాచ్‌ల్లో గోల్స్ కుప్పలుగా పోశారు. కానీ మధ్యలో అంతమందిని పేర్చితే పక్కలు పలచబడతాయి. ముందుకు దూకిన కాళ్లు వెనక్కి తిరిగేలోపే వేగం ఉన్న కుర్రాడు దాటిపోతాడు. ఆ కుర్రాడు ఇరవై ఏళ్ల భైచుంగ్ భూటియా. మూడు గోల్స్ కొట్టాడు. నజీముల్ హక్‌ది ఒకటి. బగాన్ తరఫున చీమా ఒకేఒక్కటి. 4-1.

ఆ మ్యాచ్‌కు ముందు దత్తా ప్రత్యర్థుల్ని ఎగతాళి చేసిన మాటలు నీకు తెలుసు. నీ ఉత్తరంలో ప్రస్తావించావు కూడా. ఈస్ట్ బెంగాల్ ఆటగాళ్లలో భైచుంగ్‌ను ‘చుంగ్ చుంగ్’ అన్నాడు, ఒమోలోను ఆమ్లెట్ అన్నాడు, సోసోను ‘శోశా’ అన్నాడు, బెంగాలీలో దోసకాయ అని. ‘పెద్దాయన గౌరవానికి భంగమని’ వ్యాసంలో వదిలేశానన్నావు. ఆయనకు లేని మర్యాద నువ్వెందుకు తొడుగుతావు? ఆ నోరూ ఆ డైమండూ ఒకే మనిషివి. రెండింటిలోనూ వెనక కాపలా పెట్టుకోకుండా ముందుకు దూకడమే ఉంది. అవతలి బెంచీ మీద పి.కె. బెనర్జీ ఉన్నాడు, ఒకప్పటి వింగర్. డ్రెస్సింగ్ రూములో మాటలతోనే ఆటగాళ్లను రగిలిస్తాడని పేరు, కలకత్తాలో దాన్ని ‘వోకల్ టానిక్’ అనేవాళ్లు. అలాంటివాడి చేతికి దత్తా తనంతట తానే అగ్గిపెట్టె అందించాడు. ఇంత ఉంటే నీకు దురదృష్టం కనబడిందా?

ఆ తర్వాత జరిగింది ఇంకా చిత్రం. అంత ఘనంగా గెలిచిన ఈస్ట్ బెంగాల్ ఫైనల్లో గోవా క్లబ్బు సాల్‌గావ్‌కర్ చేతిలో ఓడింది. అంత ఘోరంగా ఓడిన బగాన్ ఆ సీజన్‌లోనే జాతీయ లీగ్ గెలిచింది, కానీ అప్పటికి కోచ్ కుర్చీలో ఉన్నది దత్తా కాదు, టి.కె. చాత్తుణ్ణి. ఇదంతా వదిలేసి 2016లో ఆయన పోయినప్పుడు ఎవరెవరు సంతాపం తెలిపారో పేజీన్నర రాశావు. ఆ పేజీన్నర తీసెయ్యి.

మన హైదరాబాద్ కోచ్ రహీమ్‌తో పోలిక కూడా తీసెయ్యి. రహీమ్ జట్టు గెలిచిన 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం ముందు పతకాల లెక్కలో దత్తా నిలవడు, నిలవనక్కరలేదు. కోచింగే పూర్తి వృత్తిగా పెట్టుకున్న తొలి భారతీయుడని ఆయనకు పేరు. పతకాల కన్నా అది ఆసక్తికరం. మిగతా కోచ్‌లు ఆఫీసు ఉద్యోగం చేసుకుంటూ సాయంత్రాలు జట్టును చూసుకునే రోజుల్లో, ఓడితే ఇంటికి పంపించే పనిని నమ్ముకుని బతకడం ఎలా ఉంటుందో రాయి.

కలం పేరు గురించి అడిగావు, పోటీలకు పంపాలా అని అడిగావు, ఇంకేవో అడిగావు. ముందు జులై 13 ఒక్కటీ మళ్లీ రాసి పంపు. ఎనిమిది పేజీలు దాటకూడదు. ‘మహోన్నత’ అనే మాట కనబడితే అక్కడితో ఆపేస్తాను. ముందుమాట రాయమన్నావు. పుస్తకం చూడకుండా ముందుమాటలు రాసిచ్చే పెద్దలు మన దగ్గర చాలామంది ఉన్నారు, తొందరగా ఉంటే వాళ్లను అడుగు.