నాన్న పోయినప్పుడు రాని కన్నీళ్ళు బాలుగారు పోయినప్పుడు వచ్చాయి

ప్రశ్న: నాకు నలభై ఏడేళ్ళు. మాది నెల్లూరు, పెళ్ళయ్యాక హైదరాబాదులో స్థిరపడ్డాను. నాన్న దర్జీ, మాటలు తక్కువ, కోపం ఎక్కువ. 2020 ఆగస్టులో కోవిడ్‌తో ఆసుపత్రిలో పోయారు. నాకు చివరి చూపు కూడా దక్కలేదు, ఏడుపూ రాలేదు. తర్వాతి నెలలో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యంగారు పోయినప్పుడు మాత్రం రోజుల తరబడి ఏడ్చాను. చిన్నప్పుడు నాన్న కొట్లో రేడియో పక్కన కూర్చుని ఆయన పాటలన్నీ నేర్చుకున్నాను. "కన్నతండ్రికి రాని కన్నీళ్ళు సినిమా పాటగాడికి వచ్చాయా?" అని అన్నయ్య అన్నాడు. అప్పటి నుంచి మా మధ్య మాటలు అంతంత మాత్రమే. పాటలు వినడం మానేశాను. ఏటా నాన్న ఆబ్దికం నాడు తప్పు చేసినదానిలా కూర్చుంటాను. నాకు నాన్న మీద ప్రేమ లేదా?

జవాబు: మీకు నాన్నగారి మీద ప్రేమ ఉందమ్మా. లేకపోతే ఇన్నేళ్ళుగా ఈ ప్రశ్న మిమ్మల్ని వెంటాడేది కాదు. అయితే ఈ మాట నేను చెప్పినంత మాత్రాన మీ మనసు కుదుటపడదని తెలుసు కాబట్టి, ఆ రెండు నెలల్లో మీకు ఏం దక్కింది, ఏం దక్కలేదు అన్నది ఒకసారి విడదీసి చూద్దాం.

బాలుగారు 2020 ఆగస్టు 5న చెన్నైలో ఆసుపత్రిలో చేరారు. సెప్టెంబరు 25న కన్నుమూసేవరకు ఆయన పరిస్థితి గురించి ఆసుపత్రి ప్రకటనలు వెలువడుతూనే ఉన్నాయి. కుమారుడు చరణ్ వీడియోల్లో కనిపించి అభిమానులకు సంగతులు చెబుతూ వచ్చారు. ఊరూరా జనం ప్రార్థనలు చేశారు. మర్నాడు చెన్నై దగ్గరి తామరైపాక్కంలో పోలీసు లాంఛనాలతో జరిగిన అంత్యక్రియలను ఇళ్ళలో కూర్చుని టీవీలో చూశాం. అంటే ఆశపడడానికి, భయపడడానికి, చివరిసారి చూడడానికి, నలుగురితో కలిసి ఏడవడానికి మీకు సమయమూ చోటూ దొరికాయి. మీ నాన్నగారి విషయంలో వీటిలో ఒక్కటీ లేదు. ఆ రోజుల్లో చాలా కుటుంబాలకు మిగిలింది ఒక ఫోను కబురు, కట్టేసిన మూట, రక్షణ దుస్తుల్లో వచ్చిన సిబ్బంది మాత్రమే. శవం పక్కన కూర్చోవడం, స్నానం చేయించడం, పరామర్శకు వచ్చినవాళ్ళ భుజం మీద తలవాల్చడం వంటివేవీ జరగనప్పుడు మనసు ఆ మరణాన్ని నమ్మడానికే నిరాకరిస్తుంది. అప్పుడు ఏడుపు రాకపోవడం ప్రేమ లేకపోవడం కాదు. కబురు ఇంకా లోపలికి చేరకపోవడం.

ఇక్కడ ఒక జాగ్రత్త చెప్పాలి. సెప్టెంబరులో మీరు ఏడ్చిందంతా నిజానికి నాన్నగారి కోసమేననీ, బాలుగారు ఒక సాకు మాత్రమేననీ చెప్పి మిమ్మల్ని ఓదార్చడం నాకు సులువు, కానీ అది సగం నిజమే అవుతుంది. మిగిలిన సగం బాలుగారి కోసమే, అందులో సిగ్గుపడవలసినది ఏమీ లేదు. ఎన్నడూ ఎదురుపడకపోయినా బాల్యమంతా తోడున్న గొంతు ఆగిపోతే కలిగే నష్టం నిజమైన నష్టమే. చుట్టూ ఉన్నవాళ్ళు శోకంగా గుర్తించని ఇలాంటి దుఃఖం గురించి అమెరికా పరిశోధకుడు కెన్నెత్ డోకా 1989లోనే విపులంగా రాశారు. అలాంటి దుఃఖానికి పరామర్శ ఉండదు, పైగా ఎత్తిపొడుపు ఎదురవుతుంది. మీకు అన్నయ్యగారి నుంచి ఎదురైంది అదే.

మీ ఉత్తరంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసినది కొట్లోని ఆ రేడియో. నాన్నగారికి మాటలు తక్కువని రాశారు. ప్రేమను నోటితో చెప్పడం ఎరగని తండ్రులు మన ఇళ్ళలో ఎందరో ఉన్నారు. మీరు ఆయన దగ్గర వినలేకపోయిన మెత్తని మాటలన్నీ ఆ పాటల్లో విని ఉంటారు. కానీ ఆ రేడియో పెట్టింది ఆయనే, మిషను పక్కన మిమ్మల్ని కూర్చోనిచ్చిందీ ఆయనే. దీనివల్ల ఆయన కోపం మంచిదైపోదు, ఆయన్ని దేవుణ్ణి చేయనక్కరలేదు. కోపం వల్ల మీకు తగిలిన గాయాన్నీ, రేడియో దగ్గర దొరికిన నీడనూ రెండింటినీ గుర్తుంచుకోవచ్చు.

బాలుగారి సంగతే చూడండి. ఆయన తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. 1966లో సినిమాలో తొలి అవకాశం ఇచ్చినవారు సంగీత దర్శకులు ఎస్పీ కోదండపాణిగారు. చెన్నైలో తాను పెట్టిన రికార్డింగు స్టూడియోకు కోదండపాణిగారి పేరే పెట్టుకున్నారు. గాయకులు ఏసుదాసుగారికి పాదపూజ చేశారు. మీ నెల్లూరులోనే, తిప్పరాజువారి వీధిలోని తన పూర్వీకుల ఇంటిని 2020 ఫిబ్రవరిలో వేద పాఠశాల కోసం కంచి పీఠానికి అప్పగించారు. తనను మలచినవారిలో ఒకరిని తలచుకుంటే మరొకరికి లోటు జరుగుతుందని ఆయన అనుకోలేదు.

కాబట్టి పాటలు మళ్ళీ వినండి. ఒకేసారి కాదు, నాన్నగారి కొట్లో విన్నట్టు బాగా గుర్తున్న ఒక పాటతో, ఇంట్లో ఎవరూ లేని వేళ మొదలుపెట్టండి. ఏడుపు వస్తే రానివ్వండి, అది ఎవరి కోసమని లెక్క కట్టకండి. పోయినవారితో బంధం తెంచుకుంటేనే శోకం తీరుతుందని పాశ్చాత్య మానసిక శాస్త్రం చాలాకాలం భావించింది. ఆ బంధం రూపు మార్చుకుని కొనసాగడం సహజమేనని 1990ల నుంచి గట్టిగా చెబుతోంది. ఏటా ఆబ్దికం పెట్టుకునే మనకు ఇది కొత్త సంగతి కాదు. వచ్చే ఆబ్దికానికి ముందు మీ పిల్లలనో, తోబుట్టువుల పిల్లలనో కూర్చోబెట్టి తాతగారి కొట్టు గురించి, ఆయన కుట్టిన మీ మొదటి పరికిణీ గురించి, ఆయన కోపం గురించి కూడా చెప్పండి. భోజనాలయ్యాక ఆయనకు ఇష్టమైన పాట పెడితే అపచారం ఏమీ జరగదు.

ఒక విషయం మీరు రాయలేదు: నిద్ర, ఆకలి, పని ఎలా ఉన్నాయి? మరణం జరిగి ఆరు నెలలు దాటాక కూడా తీవ్రమైన బెంగ రోజువారీ జీవితాన్ని నడవనివ్వకపోతే, ప్రపంచ ఆరోగ్య సంస్థ దాన్ని చికిత్స అవసరమైన శోకంగా పరిగణిస్తుంది. మీ పరిస్థితి అలా ఉంటే సలహాల శీర్షికతో సరిపెట్టుకోకుండా క్లినికల్ సైకాలజిస్టునో, మానసిక వైద్యులనో కలవండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

ఇక అన్నయ్యగారు. ఆయన అన్న మాట కటువైనది, దాన్ని నేను సమర్థించను. కానీ ఆ ఆగస్టులో శ్మశానం దగ్గర నిలబడవలసి వచ్చింది కొడుకుగా బహుశా ఆయనే అయి ఉంటారు. మీరు చూడలేకపోయినది ఆయన చూశారు, లేదా దూరం నుంచి చూడలేక వెనుదిరిగారు; దాని గురించి ఆయన్ని ఎవరైనా అడిగారా? ఆ మాటకు క్షమాపణ చెప్పించుకోవాలన్న ఉద్దేశాన్ని ప్రస్తుతానికి పక్కన పెట్టి ఒకసారి ఫోన్ చేయండి. "అన్నయ్యా, ఆ రోజు నాన్న దగ్గర నువ్వొక్కడివే ఉన్నావు. అక్కడ ఏం జరిగిందో నేనెప్పుడూ అడగలేదు. చెప్పాలనిపిస్తే చెప్పు, వింటాను" అనండి. ఆయన వెంటనే చెప్పకపోవచ్చు, విసుక్కోవచ్చు కూడా. ఒక్క ఫోనుతో తేలకపోతే ఆబ్దికానికి ఒకరోజు ముందే నెల్లూరు వెళ్ళి మళ్ళీ అడగండి. ఆయన చెప్పినదంతా విన్న తర్వాత, ఆయన అన్న మాట మిమ్మల్ని ఎంత బాధపెట్టిందో మీరూ చెప్పండి.