నౌకలో చెత్త కాల్చే పని: తమ్ముడికి ఏం చెప్పాలి?

ప్రశ్న: మా తమ్ముడు సరుకు నౌకలో ఇంజిన్ రూమ్ వైపర్‌గా (శుభ్రం చేసే సహాయకుడిగా) చేరాడు. ఇన్సినరేటర్‌లో చెత్త కాల్చే పని ఇచ్చారు. మొన్న లోపల ఏదో ఠప్పున పేలిందట. ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది. ఏం జాగ్రత్తలు చెప్పాలి? అడిగితే ఉద్యోగం పోతుందా?
– ఒక సోదరి, మిర్యాలగూడ

జవాబు: అమ్మా, పేలింది బహుశా స్ప్రే డబ్బానో, సిగరెట్ లైటరో అయ్యుంటుంది. అవి క్యాబిన్ల చెత్తలో కలిసిపోయి వస్తాయి, సంచి విప్పి చూడకుండా మంటలో వేస్తే జరిగేది అదే. మీ ఊరి రైస్ మిల్లు బాయిలర్‌లో పడేది ఒకటే ఊక, మంట ఎట్లా ఉంటుందో నడిపేవాళ్లకు ముందే తెలుసు, నౌకలో మాత్రం సంచి సంచికీ మంట మారుతుంది. నూనె గుడ్డలు ఒక్కసారే ఎక్కువ వేస్తే భగ్గుమంటుంది, తడి చెత్త వేస్తే చల్లబడి పొగ కక్కుతుంది, గాజు కరిగి అడుగున అంటుకుపోతుంది. అందుకే అసలు జాగ్రత్త మంట దగ్గర కాదు, చెత్త వేరు చేసే దగ్గరే మొదలవ్వాలి. స్ప్రే డబ్బాలు, బ్యాటరీలు, గాజు పక్కన పెట్టాల్సిందే. పీవీసీ ప్లాస్టిక్‌ని, అందుకు అనుమతి ధ్రువపత్రం ఉన్న ఇన్సినరేటర్‌లో తప్ప, కాల్చకూడదని, నౌకల వల్ల కాలుష్యం రాకుండా దేశాలు చేసుకున్న మార్పోల్ ఒప్పందమే చెబుతోంది.

ఇంకొకటి, తలుపు. మంట ఉండగా ఎంతవరకు కాలిందో చూద్దామని తెరవొద్దు. గాలి లోపలికి దూసుకెళ్లి మంట ముఖం మీదికి వస్తుంది. తలుపు తెరిస్తే బర్నర్ ఆగేలా ఉండే స్విచ్‌ని ఎవరైనా పనిచేయకుండా వైరుతో కట్టేసి ఉంటే ఆ రోజు పని మొదలుపెట్టొద్దనండి, ఈ మాట గట్టిగా చెప్పండి. నీళ్లు కలిసిన స్లడ్జ్ ఆయిల్ (ఇంజిన్ రూమ్‌లో మిగిలే మురికి నూనె) వేడెక్కితే పొంగుతుంది, ముందు నీళ్లు వంపేయాలి. బూడిద పైకి చల్లగా కనిపించినా లోపల నిప్పు ఉంటుంది కాబట్టి పూర్తిగా చల్లారాకే, మాస్కు, వేడిని తట్టుకునే గ్లౌజులు, ముఖానికి షీల్డ్ పెట్టుకుని తీయాలి. దాన్ని సముద్రంలో పారబోయడం కూడా నిషేధమే, రేవులో అప్పగించాలి.

ఉద్యోగం సంగతి. మార్పోల్ ఆరో అనుబంధంలోని 16వ నిబంధన ప్రకారం ఇన్సినరేటర్ నడిపేవాళ్లకు తయారీదారు మాన్యువల్ మీద శిక్షణ ఇవ్వాలి. కాబట్టి నేర్పమని అడగడం తప్పే కాదు. మొదట సెకండ్ ఇంజినీర్‌నే మర్యాదగా అడగమనండి, చాలా నౌకల్లో అంతటితో పని అయిపోతుంది. కాకపోతే, నౌకలోనే ఫిర్యాదు చేసే పద్ధతి ఉంటుంది, దాని కాపీ ప్రతి నావికుడికీ ఇవ్వాలి, ఫిర్యాదు చేసినందుకు వేధించకూడదు. ఇది 2006 నావిక కార్మిక ఒప్పందంలో ఉంది, మన దేశం 2015లో దాన్ని ఆమోదించింది. ఈసారి ఫోన్ చేసినప్పుడు ఆ కాపీ తన దగ్గరుందో లేదో కనుక్కోండి.