సోలార్ క్రోనోగ్రాఫ్ వాచీలో సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు గెంతుతుంటే సెల్లు మార్చాలా?

మీ మామగారు ఇచ్చిన సోలార్ క్రోనోగ్రాఫ్ (స్టాప్‌వాచ్ కూడా ఉన్న) వాచీ నాలుగు నెలలు బీరువాలో ఉండిపోయిందనీ, ఇప్పుడు తీసి చూస్తే చిన్న సెకన్ల ముల్లు రెండు సెకన్లకొకసారి గెంతుతోందనీ, స్టాప్‌వాచ్ బటన్ నొక్కితే ఏమీ కదలడం లేదనీ, ఆమదాలవలసలో ఒక దుకాణంలో చూపిస్తే మామూలు సెల్లు వేసి ఇస్తామన్నారనీ రాశారు. దయచేసి ఆ సెల్లు వేయించకండి, అసలు వెనక మూతే తీయించకండి. మీ వాచీ పాడు కాలేదు, దానికి వెలుతురు చాలలేదు, అంతే.

నేను విజయనగరం జిల్లాలో ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో వ్యాయామ ఉపాధ్యాయుడిని. తొమ్మిదేళ్లుగా సీకో వి175 యంత్రం ఉన్న వాచీ వాడుతున్నాను. ఉదయం పూట కానిస్టేబుల్ ఉద్యోగాలకు తయారయ్యే కుర్రవాళ్లను పరుగెత్తించి సమయం చూసేది దానితోనే. మీరు చెప్పిన లక్షణాలన్నీ నేను నా వాచీలో చూశాను, పైగా మీకిప్పుడు వచ్చిన సలహానే అప్పట్లో విని నష్టపోయాను కూడా. అందువల్ల కొంచెం వివరంగా రాస్తున్నాను.

ఈ వాచీలలో డయలు కిందనే వెలుతురును విద్యుత్తుగా మార్చే పలుచటి సిలికాన్ పలక ఉంటుంది. 1976లో సిటిజన్ సంస్థ తెచ్చిన తొలి ముళ్ల సోలార్ వాచీలో ఆ పలకలు పైకే కనిపించేవి. ఇప్పుడు డయలునే వెలుతురు దూరేటట్లు తయారు చేసి పలకను దాని అడుగున దాచేస్తున్నారు కాబట్టి, చూడటానికి మామూలు వాచీకి దీనికి తేడా తెలియదు. పలకలో పుట్టిన విద్యుత్తు ఒక చిన్న రీచార్జి సెల్లులో నిలవ ఉంటుంది. వి175లో ఆ సెల్లు పూర్తిగా నిండితే చీకట్లో పెట్టినా సుమారు ఆరు నెలలు నడుస్తుంది. మీ వాచీ నాలుగు నెలలకే నీరసించిందంటే, బీరువాలో పెట్టేనాటికే అది నిండుగా లేదన్నమాట. పొడుగు చేతుల చొక్కా కింద రోజంతా ఉండే వాచీకి ఇది తరచుగా జరుగుతుంది.

నిలవ తగ్గిపోయినప్పుడు ఆ సంగతి మనకు తెలియజేయడానికే సెకన్ల ముల్లు రెండేసి సెకన్లు ఒక్కసారిగా గెంతేటట్లు తయారీదారులు ఏర్పాటు చేశారు. ఆ స్థితిలో కూడా వాచీ చూపే సమయం తప్పు కాదు. స్టాప్‌వాచ్‌ను మాత్రం వాచీ తనంతట తానే ఆపి ఉంచుతుంది, ఎందుకంటే మామూలు సెకన్ల ముల్లు సెకనుకు ఒక అడుగు వేస్తే, స్టాప్‌వాచ్ ముల్లు సెకనుకు అయిదు అడుగులు వేయాలి, దానికయ్యే విద్యుత్తు ఖర్చు ఎక్కువ. ఇక్కడ ఇంకొక మాట చెప్పాలి. ఈ వాచీలలో డయలు మధ్యనున్న పొడుగాటి సన్న ముల్లు స్టాప్‌వాచ్‌ది. అది పన్నెండు దగ్గర కదలకుండా నిలబడి ఉండటం సహజం. దాన్ని చూసి వాచీ ఆగిపోయిందనుకుని దుకాణానికి తీసుకుపోయిన వాళ్లు నాకు తెలిసినవాళ్లలోనే ఇద్దరు ఉన్నారు.

ఇక వెలుతురు సంగతి. మన కంటికి ట్యూబులైటు గది బాగా వెలుగుగానే కనిపిస్తుంది, కానీ అక్కడి వెలుతురు కొన్ని వందల లక్సులకు (లక్సు అంటే వెలుతురును కొలిచే ప్రమాణం) మించదు. నడిఎండ లక్ష లక్సుల దాకా ఉంటుంది. కాబట్టి రాత్రంతా లైటు కింద పెట్టినా రానిది పొద్దుటెండలో కొద్ది నిమిషాల్లో వస్తుంది. కిటికీ అద్దం అడ్డున్నా ఫరవాలేదు, డయలు మాత్రం వెలుతురు వైపుకు తిరిగి ఉండాలి. నేను వరసగా మూడు రోజులు తూర్పు కిటికీలో పొద్దున్న రెండేసి గంటలు ఉంచాను. మొదటి రోజే ముల్లు సెకనుకొక అడుగు వేయడం మొదలుపెట్టింది, మూడో రోజుకు స్టాప్‌వాచ్ కూడా పనిచేసింది. ఎక్కువసేపు పెడితే సెల్లు చెడిపోతుందేమోనన్న భయం అక్కరలేదు, నిండిన తరువాత చార్జింగును ఆపే ఏర్పాటు లోపలే ఉంది.

భయపడవలసింది వేడికి. మే నెలలో కారు డాష్‌బోర్డు మీదో, రేకుల కప్పు మీదో ఎండబెట్టకండి. 60 డిగ్రీలు దాటే చోట ఉంచరాదని తయారీదారులే హెచ్చరిస్తారు. వేడి సమయాన్ని కూడా చెడగొడుతుంది. లోపలి క్వార్ట్జ్ స్ఫటికం సెకనుకు 32,768 సార్లు కంపిస్తుంది. దాన్ని సుమారు 25 డిగ్రీల దగ్గర సరిగ్గా నడిచేటట్లు కోస్తారు, అంతకన్నా వేడెక్కినా చల్లబడినా కంపనం మందగిస్తుంది. 45 డిగ్రీల చోట రోజంతా ఉంచితే రోజుకు ఒక సెకనుకు పైగా వెనకబడుతుంది. నెలకు 15 సెకన్ల లోపు తేడా అని కంపెనీ చెప్పే లెక్క చేతికి పెట్టుకున్న వాచీకి వర్తించేదే గాని, ఇలా వేడికి మాడిన వాచీకి కాదు.

నాకు జరిగిన నష్టం ఏమిటంటే, రెండో ఏడాది వానాకాలంలో నా వాచీ ఇలాగే గెంతుతుంటే ఒక దుకాణంలో రీచార్జి సెల్లు తీసేసి, అదే కొలతకు దగ్గరగా ఉన్న మామూలు సిల్వర్ ఆక్సైడ్ సెల్లు వేశారు. అయిదారు వారాలు చక్కగా నడిచింది. మామూలు సెల్లు చార్జి ఎక్కించుకోవడానికి తయారైనది కాదు, కానీ డయలు కింది పలక మాత్రం తన పని తాను చేస్తూ దానిలోకి కరెంటు తోస్తూనే ఉంటుంది. వాచీ ఆగిపోయాక విశాఖపట్నంలో తెలిసిన మెకానిక్ చేత విప్పిస్తే, సెల్లు అంచున తెల్లటి పొర కట్టి, పక్కనున్న రాగి రేకును తినేయడం మొదలైంది. అలాంటి సెల్లు పగలవచ్చు కూడా. ఆయన రేకును శుభ్రం చేసి, అంచుకు చిన్న లోహపు పట్టీ అతికించి వచ్చే అసలు రీచార్జి సెల్లు తెప్పించి వేసేసరికి నెల పట్టింది. ఆ నెలంతా పిల్లల పరుగుకు అరువు తెచ్చుకున్న స్టాప్‌వాచే దిక్కయింది.

సెల్లు మార్చిన తరువాత ఇంకో తిప్పలు వచ్చింది. స్టాప్‌వాచ్ ముల్లు పన్నెండుకు తిరిగి రాకుండా మూడు సెకన్ల ముందే ఆగేది. సెల్లు మార్చినప్పుడు యంత్రం మీద ‘ఏసీ’ అని గుర్తున్న చోటును కొన్ని క్షణాలు సెల్లుకు తాకించి రీసెట్ చేయాలి, ఆ తరువాత పక్కనున్న కీని పూర్తిగా బయటికి లాగి, బటన్లతో స్టాప్‌వాచ్ ముళ్లను సున్నా దగ్గరికి తేవాలి. ఏ బటన్ ఏ ముల్లును కదుపుతుందో మోడల్‌ను బట్టి మారుతుంది కాబట్టి, వెనక మూత మీద ఉన్న నంబరు చూసుకుని ఆ యంత్రం మాన్యువల్‌నే అనుసరించండి. తేదీ కూడా సరిచేయాలనిపిస్తే, రాత్రి తొమ్మిది నుంచి ఒంటిగంట మధ్య మాత్రం వద్దు, తేదీ మార్చే పళ్లు అప్పుడు కదలికలో ఉంటాయి.

పరుగుకు ఇది పనికొస్తుందా అని కూడా అడిగారు. 1600 మీటర్లను 8 నిమిషాల్లో పూర్తి చేశాడా లేదా అని చూడటానికి ఇది నిక్షేపంలాంటి సాధనం. 100 మీటర్లకు మాత్రం నేను దీన్ని వాడను. ముల్లు సెకనులో అయిదో వంతు వరకే చూపిస్తుంది, 15 సెకన్ల గడువు దగ్గర ఒక కుర్రవాడి భవిష్యత్తు అంతకన్నా సన్నటి తేడాతో తేలిపోవచ్చు. దానికి పదో వంతు, నూరో వంతు చూపే డిజిటల్ స్టాప్‌వాచ్ ఉండాలి. వి175 స్టాప్‌వాచ్ 60 నిమిషాల వరకే లెక్కిస్తుందని కూడా గుర్తుంచుకోండి.

రేపు పొద్దున్న నుంచి మూడు నాలుగు రోజులు కిటికీలో పెట్టి చూడండి. వారం తరువాత కూడా ముల్లు రెండేసి గెంతుతూనే ఉంటే అప్పుడు రీచార్జి సెల్లు వయసైపోయిందని అనుమానించవచ్చు. అప్పుడైనా, ఆ యంత్రానికి తగిన రీచార్జి సెల్లు తెప్పించి వేస్తామని ఒప్పుకున్న మెకానిక్‌కే వాచీ ఇవ్వండి, తీసిన పాత సెల్లును మీ కళ్లెదుటే చూపించమని అడగండి.